వేల్స్ కోటలు: చూసేవాళ్ళూ, చూపించేవాళ్ళూ

మనవాళ్ళు రాసే యాత్రాకథనాలకి ఒక మూస ఏర్పడిపోయింది. ఉగాది సంచిక తిరగేసినా, మహాసభల సావనీర్ తిరగేసినా అదే కనిపిస్తుంది. కోట ఫలానా శతాబ్దంలో కట్టారు, బురుజులు ఇన్ని, గోడ మందం ఇన్ని అడుగులు, టిక్కెట్టు ఇంత, పార్కింగ్ కాస్త కష్టం, లోపల కాఫీ బావుంది, పైకెక్కి చూస్తే సముద్రం ఇంకా బావుంది. చివర్లో, మన గోల్కొండని కూడా ఇలా ఉంచుకుంటే ఎంత బావుండును అని ఒక నిట్టూర్పు. ఆ నిట్టూర్పుతో నాకు పేచీ లేదు. గోల్కొండని ఇంతకంటే బాగా ఉంచుకోవాల్సిందే. పేచీ అంతా దానికి ముందు రాసినదానితోనే. కోటని కొలవడం అయింది గానీ చదవడం కాలేదు.

మనకి యాత్రలు రాయడం చేతకాక ఇలా జరగడం లేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్ళొచ్చి రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లోనే అచ్చయింది. అందులో ఆయన ఏ ఊరు చేరినా నీళ్ళెలా ఉన్నాయి, బస దొరుకుతుందా, అంగళ్ళు ఉన్నాయా, ఎవరి ఏలుబడి, జనం ఏం పనులు చేసుకుంటున్నారు అని చూస్తాడు. గుళ్ళూ గోపురాలూ చూడలేదా అంటే చూశాడు, భక్తిగానే చూశాడు. కానీ గోపురం చూస్తూ ఊరిని మర్చిపోలేదు. మన యాత్రాసాహిత్యం అంత మంచిచోట మొదలైంది. విమానం ఎక్కాక ఆ చూపు ఎక్కడో జారిపోయింది.

వేల్స్‌ని ఎంచుకోవడానికి కారణం చాలా మామూలుది. ఐటీ ఉద్యోగాల పుణ్యమా అని బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకి అది రెండు మూడు గంటల దూరం. బ్యాంక్ హాలిడే వచ్చినా, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా, పులిహోర డబ్బాలు సర్దుకుని బయల్దేరేది అటే. ఆ చిన్న దేశంలో ఆరువందలకి పైగా కోటలున్నాయని చెబుతారు. అన్ని కోటలు ఎందుకు అవసరమయ్యాయి అన్న ప్రశ్న మాత్రం మన వ్యాసాల్లో రాదు. కోటలు ఎక్కువుంటే అందాలు ఎక్కువున్నట్టు లెక్క. నిజానికి కోటలు ఎక్కువుంటే యుద్ధాలు ఎక్కువ జరిగినట్టు లెక్క.

ఉత్తర వేల్స్‌లో అందరూ చూసేవి నాలుగు: కాన్వీ, కార్నార్వన్, హార్లెక్, బోమారిస్. 1986లో యునెస్కో వీటికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. ఇవి వేల్స్ రాజులు కట్టుకున్నవి కావు. వేల్స్‌ని జయించిన ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ కట్టించినవి. 1282 డిసెంబరులో వేల్స్ రాజు లివెలిన్ యుద్ధంలో చనిపోయాడు. ఆయన తమ్ముడు దావిద్‌ని 1283లో పట్టుకుని ష్రూస్‌బరీలో ఘోరంగా చంపించారు. ఆ ఏడాదే మొదటి మూడు కోటలకీ పునాదులు పడ్డాయి. 1294లో వేల్స్ జనం మళ్ళీ తిరగబడ్డారు. దాన్ని అణిచి 1295లో నాలుగోది, బోమారిస్, మొదలుపెట్టారు. ఎడ్వర్డ్ తన వేల్స్ కోటల మీద పాతికేళ్ళలో పెట్టిన ఖర్చు సుమారు 80,000 పౌన్లని చరిత్రకారుల అంచనా. ఆ డబ్బులో చాలాభాగం ముందు అప్పు ఇచ్చింది ఇటలీలోని లూకా పట్నపు రికార్డీ వడ్డీ వ్యాపారులు. 1294లో రాజుకీ వాళ్ళకీ చెడింది. బోమారిస్ గోడలు పూర్తి ఎత్తుకి ఎందుకు లేవలేదో తెలుసుకోవాలంటే అక్కడినుంచి మొదలుపెట్టాలి.

ఈ నిర్మాణాలకి పెద్ద దిక్కు మాస్టర్ జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్ అనే మనిషి. ఇంగ్లండ్‌వాడూ కాదు, వేల్స్‌వాడూ కాదు. ఆల్ప్స్ దగ్గరి సవాయ్ నుంచి తెప్పించుకున్న నిపుణుడు. మన భాషలో చెప్పాలంటే విదేశీ కన్సల్టెంటు. రోజుకి మూడు షిల్లింగులు, అదీ జీవితాంతం. కొన్నాళ్ళు హార్లెక్ కోటకి అధిపతిగా కూడా చేశాడు, అంటే తను కట్టిన ప్రాజెక్టుకి తనే సపోర్టు. 1296 ఫిబ్రవరిలో ఇతనూ, లెక్కలు చూసే వాల్టర్ ఆఫ్ వించెస్టరూ కలిసి రాజుగారి ఖజానాకి రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. నా వృత్తిలో ఉన్నవాళ్ళెవరు చదివినా నవ్వూ వస్తుంది, ఒళ్ళూ జలదరిస్తుంది. అది అచ్చంగా స్టేటస్ రిపోర్టు. బోమారిస్‌లో 400 మంది తాపీమేస్త్రీలు, 2,000 మంది మామూలు కూలీలు, 200 మంది క్వారీలో రాయి కొట్టేవాళ్ళు, 30 మంది కమ్మర్లు, వడ్రంగులు, 100 బండ్లు, 60 పెద్ద బండ్లు, రాయీ బొగ్గూ మోసే 30 పడవలు. ఏ గోడ ఎంత ఎత్తు వచ్చింది, ఏ ద్వారానికి తలుపులు పెట్టారు, అన్నీ రాశారు. వారానికి 250 పౌన్లకి తక్కువైతే పని సాగదు అన్నారు. కూలీ బకాయిలు పేరుకుపోయాయి, తినడానికి లేక మనుషులు వెళ్ళిపోతున్నారు, ఆపడం మా వల్ల కావడం లేదు అన్నారు. ఆఖర్న ఇంకోసారి, దేవుడి పేరు చెప్పి, డబ్బు త్వరగా పంపమని బతిమాలారు. ఏడువందల ఏళ్ళ కింద కూడా బడ్జెట్ ఆపి డెలివరీ అడిగేవాళ్ళు ఉన్నారన్నమాట.

తాజమహలు కట్టిన కూలీల గురించి శ్రీశ్రీ వేసిన ప్రశ్న మనలో చాలామందికి కంఠతా వచ్చు. ఏ కోట దగ్గర నిలబడ్డా అది గుర్తు చేసుకుని ఒక పేరా రాసేస్తాం. ఆ ప్రశ్నకి మన దగ్గర జవాబు దొరకడం చాలా కష్టం. కొండవీడు కోటకి కూలీ పట్టీలు ఎవరూ చూపించలేరు. కానీ ఇక్కడ జవాబు ఉంది. వారం వారం ఎవరికెంత ఇచ్చారో తోలుకాగితాల చుట్టల మీద రాసిన లెక్కలు లండన్ దగ్గర జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి. కొందరు మేస్త్రీల పేర్లు కూడా ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని అనేక జిల్లాల నుంచి రాజాజ్ఞ మీద, ఇష్టమున్నా లేకపోయినా, వాళ్ళని తోలుకొచ్చిన సంగతీ ఉంది. ఇంత ఉన్నా పర్యాటకుడి చేతిలో పెట్టే కథలో మొదటి పేరు రాజుది, రెండో పేరు మాస్టర్ జేమ్స్‌ది. కూలీలు అంకెగా వస్తారు. ప్రశ్నని కంఠస్థం చేసిన మనమైనా జవాబు ఉన్నచోట దాన్ని వెతకొద్దా?

బోమారిస్ అంటే ఫ్రెంచిలో అందమైన చిత్తడినేల అని అర్థం. పేరు అందంగానే ఉంది. ఆ నేల పక్కనే లాన్వైస్ అనే వేల్స్ ఊరు ఉండేది. రేవు ఊరు, వ్యాపారం బాగా నడిచేది. కొత్త కోటకీ దాన్ని ఆనుకుని వచ్చే ఇంగ్లీషు పట్నానికీ అడ్డమని, ఊళ్ళోవాళ్ళందర్నీ దీవి అవతలి పక్కకి, పన్నెండు మైళ్ళ దూరం, తరలించారు. వాళ్ళ కొత్త ఊరికి న్యూబరో అని పేరు. అంటే 'కొత్తూరు'. శ్రీశైలం డ్యాము కింద ఊళ్ళు వదిలిన కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలవాళ్ళకి ఈ పేరు వెనకాల ఏముందో వేరే చెప్పక్కర్లేదు. కాన్వీలో ఇంకో రకం. అక్కడ సిస్టర్షియన్ సన్యాసుల మఠం ఉండేది, వేల్స్ పాలకుల్లో గొప్పవాడనిపించుకున్న మొదటి లివెలిన్ సమాధి ఉన్నచోటు. ఎడ్వర్డ్ ఆ మఠాన్ని ఎనిమిది మైళ్ళు ఎగువకి మార్పించి ఆ స్థలంలో తన కోటా ఊరూ కట్టాడు. ఓడిపోయినవాళ్ళకి తాతగారి సమాధి కూడా మిగలకూడదని కాబోలు. ఈ కొత్త పట్నాల్లో వేల్స్‌వాళ్ళకి ఇల్లూ హక్కులూ లేవు. మనం ఇప్పుడు ఫోటోలు దిగుతూ నడిచే కాన్వీ ఊరిగోడ, లోపల ఎవరుండాలో బయట ఎవరుండాలో తేల్చిన గీత.

అన్నట్టు, ఆ గోడ అంత గట్టిదీ కాదు. 1401 గుడ్ ఫ్రైడే నాడు సైనికులు చర్చికి వెళ్ళిన సమయం చూసి, వడ్రంగి పనికి వచ్చామన్న నెపంతో గేటు దాటి, ట్యూడర్ అన్నదమ్ములు కాన్వీ కోటని పట్టేసుకున్నారు. పదిహేను వేల పౌన్ల కోటకి ఒక్క అబద్ధం సరిపోయింది. సెక్యూరిటీ ఆడిట్లు చేసేవాళ్ళు గుర్తు పెట్టుకోదగ్గ కథ.

కార్నార్వన్ దగ్గర మాత్రం నా విమర్శ కాస్త ఘాటుగానే ఉంటుంది. కోట తప్పు ఏం లేదు. పలకలు పలకలుగా కోసిన బురుజులు, రంగురాళ్ళ చారలతో గోడలు, చూసి తీరాల్సిన కట్టడం. కాన్‌స్టాంటినోపుల్ గోడల్ని గుర్తుచెయ్యాలనే అలా కట్టారని చాలామంది పండితుల మాట, కాదనేవాళ్ళూ ఉన్నారు. నా కోపం అక్కడ చెప్పుకునే కథ మీద. వేల్స్ పెద్దలు మాకు ఇంగ్లీషు ముక్క రాని యువరాజు కావాలన్నారట, ఎడ్వర్డ్ సరేనని అప్పుడే పుట్టిన తన కొడుకుని డాలు మీద పెట్టి చూపించాడట. మన వ్యాసాల్లో ఈ పిట్టకథ రానిది అరుదు. ఆ పిల్లవాడు 1284 ఏప్రిల్‌లో ఇక్కడ పుట్టిన మాట నిజం. కానీ అప్పటికి అతని అన్న అల్ఫాన్సో బతికే ఉన్నాడు, సింహాసనానికి వారసుడు అతనే. ఈ పిల్లవాడికి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ పదవి ఇచ్చింది 1301లో. డాలు కథ పుట్టింది పదహారో శతాబ్దంలో. తేదీలు పక్కపక్కన పెడితే కథ నిలబడదు. ఓడిన జాతి తెలివితక్కువగా మోసపోయింది, గెలిచిన రాజు చమత్కారి అని నవ్వించడం దీని పని. ఇలాంటి కథల్ని మన గురించి ఇంకెవరైనా చెబితే మనం ఊరుకుంటామా?

ఈ కోటని చరిత్రలో వదిలెయ్యలేదు. 1911లో లాయిడ్ జార్జ్ పూనికతో ఇక్కడ యువరాజు పట్టాభిషేకంలాంటి ఉత్సవం జరిగింది. 1969 జూలై 1న చార్లెస్‌కి మళ్ళీ జరిగింది. టీవీ కెమెరాలకి అనువుగా పారదర్శకమైన పందిరి, నల్ల పలకరాతి వేదిక. అంతకుముందు రోజు రాత్రి అబర్గెలే అనే ఊళ్ళో, నిరసనగా బాంబు పెట్టబోయిన ఇద్దరు వేల్స్ యువకులు అదే బాంబు పేలి చనిపోయారు. ఎడ్వర్డ్ కోటలో వేల్స్ యువరాజు అన్న దృశ్యం కొందరికి పండగ, కొందరికి పుండు మీద కారం. 2022లో విలియంకి అదే బిరుదు ఇచ్చినప్పుడు అలాంటి ఉత్సవం పెట్టలేదు. 2017లో ఫ్లింట్ కోట దగ్గర పెద్ద ఇనుప ఉంగరం ఆకారంలో శిల్పం పెడతామని వేల్స్ ప్రభుత్వమే ప్రకటించింది. ఎడ్వర్డ్ కోటల వరసకి ఇనుప వలయమని వాడుక పేరు. మమ్మల్ని బిగించిన వలయానికి మా డబ్బుతో మేమే విగ్రహం పెట్టుకోవాలా అని వేలమంది సంతకాలు పెట్టారు. ఆ ఏడాదే ప్రభుత్వం ఆ ఆలోచన మానుకుంది. కోట అంటే అయిపోయిన కథ అనుకునేవాళ్ళు ఈ రెండు సంఘటనల గురించీ ఒకసారి ఆలోచించాలి.

ఇంకొక సంగతి చూడకుండా కార్నార్వన్ వదలకూడదు. ఆ ఊళ్ళో కోట గోడ బయటికి వచ్చి ఏ కొట్లోకి వెళ్ళినా వినిపించేది వెల్ష్ భాష. దేశం మొత్తం మీద 2021 జనాభా లెక్కల్లో వెల్ష్ వచ్చినవాళ్ళు 18 శాతం కూడా లేరు. ఈ ఊళ్ళో పదిమందిలో ఎనిమిది మందికి పైగా వచ్చు. ఏ భాషవాళ్ళని గోడ బయట ఉంచడానికి ఊరు కట్టారో, ఆ భాషే ఇప్పుడు గోడ లోపల బేరాలాడుతోంది. శనివారం తెలుగు బడికి పిల్లల్ని బతిమాలి తీసుకెళ్ళే మనం, బురుజు ఎక్కి సముద్రం చూసే పది నిమిషాల్లో ఐదు నిమిషాలు ఈ వీధిలో నిలబడితే నష్టం లేదు. టిక్కెట్టు కూడా అక్కర్లేదు.

వేల్స్‌వాళ్ళు తమకోసం కట్టుకున్న కోటలు లేవా అంటే ఉన్నాయి, మనం వెళ్ళం. లాన్‌బెరిస్ దగ్గర చెరువు ఒడ్డున డోల్‌బదార్న్ అని గుండ్రటి రాతిబురుజు ఒకటి ఉంది. పదమూడో శతాబ్దం మొదట్లో మొదటి లివెలిన్ కట్టించాడు. టర్నర్ బొమ్మ గీశాడు, 1800లో రాయల్ అకాడమీలో పెట్టాడు. చిన్నది, పైకప్పు లేదు, కొట్టు లేదు, కాఫీ లేదు. ఎడ్వర్డ్ మనుషులు దీని కలప ఊడదీసి కార్నార్వన్ పనికి పట్టుకుపోయారు. అంటే కార్నార్వన్‌ని చూసినవాళ్ళు తెలియకుండా డోల్‌బదార్న్ ముక్క కూడా చూసినట్టే, ఆ కలప ఇప్పుడు మిగల్లేదు కాబట్టి చూడనట్టూను. స్నోడన్ రైలెక్కడానికి వచ్చే మనవాళ్ళు ఈ బురుజుని కారులోంచి చూసి వెళ్ళిపోతారు. నా లెక్కలో వేల్స్‌లో అన్నిటికంటే నిజాయితీగల కోట ఇదే. ఏమీ నటించదు.

నటించే కోటల్లోనూ తేడాలున్నాయి. కార్డిఫ్ దగ్గర కాస్టెల్ కోఖ్, అంటే ఎర్రకోట, పిల్లలకి బాగా నచ్చుతుంది. కోసుగా టోపీ పెట్టినట్టున్న బురుజులు, అద్దం పెట్టినట్టు బొమ్మల గదులు. ఇది బొగ్గు డబ్బుతో కట్టిన కల. కార్డిఫ్ రేవు యజమాని మూడో బ్యూట్ ప్రభువు, శిల్పి విలియం బర్జెస్ కలిసి 1875 నుంచి పాత శిథిలం మీద దీన్ని లేపారు. బర్జెస్ 1881లో పోయాడు, పని 1891లో పూర్తయింది. అక్కడ అసలు అలాంటి టోపీలు ఉండేవా అని అప్పట్నుంచీ వాదన నడుస్తూనే ఉంది. నాకు దీనిమీద కోపం రాదు. నేను మధ్యయుగం కాదు, మధ్యయుగం మీద మోజుని అని అది మొహం మీదే చెబుతుంది. మన సినిమా సెట్టింగుల్లో మయసభలాగా.

పెన్రిన్ కోట సంగతి అలాక్కాదు. బాంగర్ ఊరి బయట, దూరంనుంచి చూస్తే నార్మన్ రాజుల కాలంనాటిదే అనిపిస్తుంది. కట్టింది 1820లలో, 30లలో, థామస్ హాపర్ అనే శిల్పి. కట్టించుకున్నది జార్జ్ డాకిన్స్ పెనంట్. డబ్బు రెండు చోట్లనుంచి వచ్చింది. ఒకటి జమైకా చెరకుతోటలు, వాటిలో బానిసలు. ఈ ఆస్తిని ఇతనికి వదిలిన రిచర్డ్ పెనంట్ పార్లమెంటులో కూర్చుని బానిస వ్యాపారం రద్దుని వ్యతిరేకించినవాడు. బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు పరిహారం ఇచ్చింది బానిసలకి కాదు, యజమానులకి. 764 మందికి గాను డాకిన్స్ పెనంట్‌కి ముట్టింది 14,683 పౌన్లు. తలకి పందొమ్మిది పౌన్ల చిల్లర. రెండోది కోట వెనక కొండల్లో పలకరాయి గని. పలక అనగానే మనకి మార్కాపురం గుర్తొస్తుంది. ఇక్కడి పలకలు ఇంగ్లండ్ ఊళ్ళ ఇళ్ళకప్పులయ్యాయి, దేశదేశాల బడిపిల్లల చేతుల్లోకీ వెళ్ళాయి. 1859లో విక్టోరియా రాణి వస్తోందని ఒక టన్ను బరువున్న పలకరాతి మంచం చేయించి పెట్టారు. సమాధిలా ఉందని ఆవిడ పడుకోలేదని చెప్పుకుంటారు.

1900 నవంబరులో ఆ గనిలో 2,800 మంది దాకా పని మానేశారు. యూనియన్‌ని గుర్తించమన్నది ముఖ్యమైన కోరిక. అప్పటి పెన్రిన్ ప్రభువు ససేమిరా అన్నాడు. మూడేళ్ళు, 1903 నవంబరు దాకా, సమ్మె నడిచింది. బెథెస్డా ఊళ్ళో ఇళ్ళ కిటికీల్లో, ఈ ఇంట్లో ద్రోహి లేడు అన్న అర్థంతో కార్డులు వేలాడదీశారు. కార్డు తీసేసిన ఇల్లేదో ఊరంతటికీ తెలిసిపోయేది. ఆకలికి ఓడి పనిలోకి వెళ్ళినవాళ్ళకీ వెళ్ళనివాళ్ళకీ మధ్య పగ తరాలు దాటింది. కోట 1951లో నేషనల్ ట్రస్టు చేతికి వచ్చాక కూడా ఆ ఊళ్ళో చాలా కుటుంబాలవాళ్ళు అందులో అడుగు పెట్టలేదని చెబుతారు.

ట్రస్టు 2020 సెప్టెంబరులో తన ఆస్తులకీ వలస పాలనకీ బానిసత్వానికీ ఉన్న సంబంధాల మీద ఒక నివేదిక వేసింది. తొంభై మూడు చోట్ల పేర్లు అందులో ఉన్నాయి, పెన్రిన్‌తో సహా. ఆదివారం తోట చూడ్డానికొస్తే ఈ పాఠాలేమిటి అని పెద్ద గొడవ చేశారు. ఆ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను. ఇంటిల్లిపాదీ సరదాకి వచ్చినచోట పాఠం చెప్పించుకోవడం ఎవరికైనా కష్టమే. కానీ పెన్రిన్‌లో చక్కెర, పలకరాయి తీసేస్తే మిగిలేదేమిటి? మెట్లు, తెరలు, రాణిగారు పడుకోని మంచం. అసలు కథే అక్కడి రుచి. ఉప్పు లేని పప్పుచారు పెట్టి, వారసత్వం వడ్డించామంటే ఎలా?

ఇక పోవిస్. నా వ్యాసానికి అసలు ఊరు ఇది. వెల్ష్‌పూల్ దగ్గర, ఎర్రరాయి కోట, కింద మెట్లు మెట్లుగా తోటలు. దీన్ని కట్టించింది వేల్స్ రాజవంశీకుడే, గ్రిఫిద్ అని, ఇంగ్లండ్ రాజు పక్షాన చేరి నెగ్గుకొచ్చినవాడు. తర్వాత 1587లో హెర్బర్ట్ కుటుంబం కొనుక్కుంది. వాళ్ళమ్మాయి హెన్రియెటాని 1784లో ఎడ్వర్డ్ క్లైవ్ పెళ్ళి చేసుకున్నాడు. రాబర్ట్ క్లైవ్ కొడుకు. అలా ప్లాసీ డబ్బు పోవిస్ కోట కప్పుకి మరమ్మతులు చేయించింది. 1987లో అక్కడ క్లైవ్ మ్యూజియం తెరిచారు. సిరాజుద్దౌలాదని చెప్పే పల్లకి, టిప్పు సింహాసనం మీదినుంచి ఊడదీసిన రతనాల పులితల, కత్తులు, హుక్కాలు, దేవుళ్ళ బొమ్మలు, వెయ్యికి పైగా వస్తువుల సేకరణ. అన్నిటికన్నా మనిషిని కదలనివ్వనిది టిప్పు గుడారం. రంగులద్దిన నూలుబట్ట, కుండీల్లోంచి లేచిన పూలు. ఆ గుడారం కింద పోవిస్ వాళ్ళు చాలాకాలం తోటవిందులు చేసుకున్నారు.

ఇక్కడికి వచ్చిన తెలుగువాళ్ళు రాసేది చదివితే రెండే రకాలు. మన సంపద దోచుకుపోయారు అని ఒక రకం. దోచుకుపోయినా ఎంత బాగా దాచారో అని రెండో రకం. రెండింట్లోనూ 'మన' అన్న మాట చాలా తేలిగ్గా పడిపోతుంది. 1799 మే 4న శ్రీరంగపట్నం పడినప్పుడు కంపెనీ సైన్యం పక్కన నిలబడి యుద్ధం చేసింది హైదరాబాదు నిజాం సైన్యం. అప్పుడు చెన్నపట్నం గవర్నరు ఈ ఎడ్వర్డ్ క్లైవే, 1798 నుంచి 1803 దాకా. టిప్పు నుంచి వాటాగా వచ్చిన ప్రాంతాల్ని, సైన్యం ఖర్చు కింద, నిజాం 1800 అక్టోబరు ఒప్పందంతో కంపెనీకి రాసిచ్చేశాడు. ఒప్పందం వెనక చెయ్యి గవర్నర్ జనరల్ వెల్లస్లీది, కలిసింది మాత్రం ఎడ్వర్డ్ క్లైవ్ ఏలే మద్రాసు ప్రెసిడెన్సీలో. అవే దత్తమండలాలు: బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత. తరవాత మనం రాయలసీమ అని పేరు పెట్టుకున్నది ఇందులో చాలాభాగం. అంతకు ముందు, 1765లో, ఉత్తర సర్కార్లకి ఢిల్లీ పాదుషా ఫర్మానా సంపాదించింది తండ్రి రాబర్ట్ క్లైవ్. మరుసటి ఏడాది నిజాం ఒప్పుకున్నాడు. గుంటూరు 1788 దాకా ఆగింది.

అంటే ఈ ఒక్క ఇంటి తండ్రీకొడుకుల కాలంలో కోస్తా, సీమ రెండూ కాగితాల మీద చేతులు మారాయి. గాజుపెట్టెలో పులితల పెట్టొచ్చు గానీ కడప జిల్లాని పెట్టలేరు. అందుకని అది కనిపించదు. పోవిస్ మీద నా అసలు ఫిర్యాదు ఇదీ: వస్తువులు ఎక్కువై దస్తావేజులు కనబడకుండా పోయాయి. గదికి సేకరించినవాడి పేరు పెట్టగానే వస్తువుల కథ అతను కొనుక్కున్న దగ్గరో, బహుమతి పుచ్చుకున్న దగ్గరో మొదలవుతుంది. నేసినవాడి దగ్గర మొదలవ్వదు, దండు కింద నలిగినవాడి దగ్గర మొదలవ్వదు. 'సేకరణ' అన్న మాట ఇంగ్లీషులో ఎంత మర్యాదగా ఉంటుందో, మన లూటీ అన్న మాట అదే ఇంగ్లీషులోకి వెళ్ళి స్థిరపడటం అంత నిజాయితీగా ఉంది.

గుడారం తిరిగిచ్చెయ్యాలా అంటే, ఇచ్చెయ్యాలనే నా మాట, మైసూరు వైపు అడిగేవాళ్ళుంటే. తెలుగువాళ్ళం మనం అడగడానికి లేదు, ఆ రోజు మన నవాబు అవతలి పక్కన ఉన్నాడు. మనం అడగాల్సింది వేరే ఉంది. ఆ గదిలో ఒక గోడ మీద దక్షిణదేశపు పటం పెట్టమనాలి. 1766, 1788, 1800, ఏ ఏడు ఏ తాలూకా వాళ్ళ లెక్కల్లోకి వెళ్ళిందో రంగులు వేసి చూపించమనాలి. దానికి పెద్ద ఖర్చు అవదు. గుంటూరు నుంచో ప్రొద్దుటూరు నుంచో వచ్చిన పెద్దాయన ఒకాయన తోటలోకి వెళ్ళేముందు, కళ్ళజోడు సవరించుకుని, ఆ పటంలో తన ఊరు వెతుక్కుంటాడు.